మాఘమాసపు పెళ్లి పందిరికి మన ఊళ్ల కాయలు, పండ్లు, కంకులు

కావలి పూలతోట:
సభ్యులందరికీ నమస్కారం. మా చెల్లెలి వివాహం ఫిబ్రవరి రెండవ వారంలో, కావలిలో మా ఇంటి ముందు వేసే పందిట్లోనే జరగబోతోంది. అలంకరణ చేసే వారు చూపిన చిత్రాలలో గులాబీల నడుమ ఎర్రటి చిన్న కాయల గుత్తులు ఉన్నాయి. వాటిని హైపెరికం అంటారనీ, బెంగుళూరు మీదుగా తెప్పిస్తామనీ చెప్పారు. ఆ చిత్రాలు నాకు నిజంగానే నచ్చాయి. అయితే పూల మధ్య కాయలు అంత అందంగా ఉన్నప్పుడు, మన చేలల్లోనూ కంచెల మీదా మాఘమాసంలో ఉండే కాయలూ కంకులూ ఆ పని చేయలేవా అన్న ఆలోచన వచ్చింది. ఏవి రెండు రోజులైనా నిలుస్తాయి, ఏవి రాలిపోతాయి, ఏవి పిల్లల చేతికి అందకూడదు, వేటిని ఎలా కట్టాలి అన్నది అనుభవం ఉన్నవారు చెబితే దాన్నిబట్టి జాబితా తయారు చేసుకుంటాను.

నెల్లూరు మాలకారి:
అమ్మా, మీ అలంకరణ వారు చూపినది మంచి సరుకే. హైపెరికం పూరేకులు రాలిన తరువాత మిగిలే కాయనే కోసి అమ్ముతారు. కెన్యా, ఇథియోపియా, ఈక్వడార్ వంటి దేశాలలో దాన్ని పూలతోటల మాదిరిగానే పెంచుతారు. కాయ గట్టిగా ఉంటుంది, నీళ్లలో ఉంచితే వారానికి పైగా వాడదు, ఒత్తినా రసం కారదు. దుకాణాల వారు దాన్ని ఇష్టపడేది ఆ గట్టితనం కోసమే. కాబట్టి మన కాయను ఎంచుకునేటప్పుడు కూడా రంగుకంటే ముందు ఆ గుణాన్నే చూడాలి.

పూలగుత్తిలో కాయ చేసే పని ఏమిటో ఒకసారి గమనించండి. గులాబీ, చామంతి, లిల్లీ అన్నీ మెత్తని రేకులే, వెలుతురును పీల్చుకుంటాయి. వాటి నడుమ నున్నగా, గుండ్రంగా, మెరిసేది ఒకటి పడితే చూపు అక్కడ ఒక్క క్షణం ఆగి, మళ్లీ పూల మీదికి వెళుతుంది. అందుకే కాయలను గుత్తి అంతటా సమానంగా చల్లకూడదు. మూడు నాలుగు చోట్ల కుదురుగా, కొంచెం లోతుగా అమర్చాలి. పైకి పొడుచుకొని వచ్చిన కాయ పూలకు పోటీ అవుతుంది, సందులో ఒదిగిన కాయ పూలకు నిండుదనాన్ని ఇస్తుంది.

మాఘమాసంలో నేను చేతితో వాడి చూసినవి చెబుతాను. పెద్ద ఉసిరి కొమ్మ అన్నిటిలోకి ముందు. కాయలు రెమ్మను అంటిపెట్టుకొని వరుసగా ఉంటాయి, లోపలి నుంచి వెలుగు వస్తున్నట్లు లేత ఆకుపచ్చగా కనిపిస్తాయి, రెండు మూడు రోజులు కదలవు. కానీ కోసిన కొద్ది గంటలకే ఆకు ముడుచుకొని రాలడం మొదలవుతుంది కనుక, ఆకంతా దూసివేసి ఒట్టి కొమ్మనూ కాయనూ మాత్రమే వాడాలి. రేగు కొమ్మను కాయ పసుపు తిరిగే ముందే కోయాలి. ఎర్రబడిన రేగుపండు తొడిమ దగ్గర పట్టు వదిలేస్తుంది. పైగా ముళ్లు ఉంటాయి కాబట్టి వధువు చేతిలోని గుత్తిలోనూ, దండల్లోనూ పెట్టవద్దు, ఎత్తైన కూజాలకే అది తగును. దొండపండు ఎరుపు చూసి ముచ్చటపడతాం గానీ, అది పగిలి లోపలి గుజ్జు బయటకు వచ్చేస్తుంది. తప్పదనుకుంటే ముహూర్తానికి రెండు గంటల ముందు పెట్టి, తరువాత తీసివేయండి.

టంగుటూరు సేద్యం:
మాలకారి గారు కంకుల మాట చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. ఫిబ్రవరి అంటే నెల్లూరు వైపు పెన్న కాలువల కింద ముందు నాటిన వరి కంకి వంగి, గింజ గట్టిపడే రోజులు. మా ప్రకాశం మెట్ట చేలల్లో తెల్ల జొన్న కంకి చేతికి వచ్చే సమయం. వరిని పూర్తిగా పండాక కోస్తే కట్ట విప్పేలోపే గింజ రాలుతుంది. గింజ గట్టిపడి, కాడలో ఇంకా పచ్చదనం మిగిలి ఉన్నప్పుడు మూరెడు కాడతో కోసి, చిన్న చిన్న కట్టలుగా తలకిందులుగా నీడలో వేలాడదీయాలి. వారం పది రోజుల్లో ఆరుతాయి. ఎండలో ఆరబెడితే రంగు తెల్లబోతుంది, నీడలో ఆరినదానికి లేత బంగారు రంగు నిలుస్తుంది. జొన్న కంకి ముత్యాల బంతిలా ఉంటుంది కనుక ఒక్కొక్కటిగానే పెట్టండి, గుంపుగా పెడితే బరువుగా కనిపిస్తుంది.

ఇంకొక మాట నన్ను చాలా కాలంగా బాధపెడుతున్నది. పూలగుత్తుల్లో వాడే యూకలిప్టస్ ఆకును పట్టణాల దుకాణాల వారు కట్టల లెక్కన డబ్బు పెట్టి కొంటున్నారు. మనం జామాయిల్ అనేది దాన్నే. కాగితపు గుజ్జు కోసం మన రెండు జిల్లాల్లో ఎంత విస్తారంగా పెంచుతున్నామో అందరికీ తెలుసు. బెంగుళూరు నుంచి వచ్చే రకానికి ఆకు గుండ్రంగా, వెండి పూతలా ఉంటుందన్నది నిజమే. మన రకానికి పొడవాటి ఆకు. అయినా కొట్టిన మొద్దు నుంచి లేచిన లేత పిలకల ఆకు బూడిద కలిసిన ఆకుపచ్చలో ఉండి, వాలుగా వేలాడితే పందిరి అంచుకు ఎంతో హుందాగా ఉంటుంది. ముదురు కొమ్మల మీద చిన్న గంటల్లాంటి కాయల గుత్తులు ఉంటాయి, అవి ఎండినా రాలవు. సుబాబుల్ ఎండు కాయలు కూడా గుత్తులుగా, ముదురు గోధుమ రంగులో, గాలికి గలగలలాడుతూ ఉంటాయి. రైతును అడిగితే ఈ కొమ్మలకు ఎవరూ డబ్బు పుచ్చుకోరు, కాకపోతే అడగకుండా మాత్రం కోయవద్దు.

ఒంగోలు అధ్యాపకురాలు:
నేను వృక్షశాస్త్రం బోధిస్తాను. పండ్లనూ పూలనూ కలిపి పెట్టేవారు తప్పక తెలుసుకోవలసిన విషయం ఒకటి ఇంకా చర్చకు రాలేదు.

కొన్నేళ్ల క్రితం మా బంధువుల ఇంటి విందులో కార్నేషన్ పూల మధ్య దోరగా పండిన సపోటాలు, జామపండ్లు, అరటి అత్తాలు అమర్చి, చల్లగా ఉంటుందని రాత్రంతా తలుపులు మూసిన ఏసీ గదిలో ఉంచారు. ఉదయానికి కార్నేషన్ రేకులన్నీ లోపలికి ముడుచుకుపోయాయి. నీళ్లు సరిపోలేదని అందరూ అనుకున్నారు గానీ కారణం నీళ్లు కావు. పండు పండే సమయంలో ఇథిలీన్ అనే వాయువు వెలువడుతుంది. కాయను పండించేదీ, పూవును వాడిపోయేలా చేసేదీ ఈ వాయువే. దీని ప్రభావాన్ని 1901లో రష్యా శాస్త్రవేత్త నెల్యుబోవ్ బఠాణీ మొలకల మీద గుర్తించాడు. అప్పట్లో దీపాలకు వాడే గ్యాసు లీకైతే ఆ మొలకలు వంకరపోయేవి. మన పెద్దలు అరటి గెలకు పొగ పెట్టి మగ్గించడంలో ఉన్నదీ ఇదే, ఎందుకంటే పొగలోనూ ఇథిలీన్ ఉంటుంది.

అయితే అన్ని పండ్లూ ఒకటి కావు. అరటి, మామిడి, సపోటా, జామ, సీతాఫలం, బొప్పాయి కోసిన తరువాత కూడా మగ్గుతాయి, మగ్గుతూ ఈ వాయువును ఎక్కువగా వదులుతాయి. నిమ్మ, బత్తాయి, దానిమ్మ, ద్రాక్ష కోసిన తరువాత ఇక మగ్గవు. వాటి నుంచి వెలువడేది చాలా తక్కువ. కాబట్టి పూల పక్కన పెట్టడానికి ఈ రెండవ జాతి పండ్లు క్షేమం. మొదటి జాతి వాటిని పెట్టాలనుకుంటే పచ్చి కాయలనే పెట్టండి, దెబ్బ తగిలినవి ఏరివేయండి, ఎందుకంటే గాయపడిన కాయ కూడా ఎక్కువ వాయువును వదులుతుంది. పూలలో కార్నేషన్, ఆర్కిడ్ దీనికి త్వరగా లొంగుతాయి, చామంతి, జెర్బెరా బాగా తట్టుకుంటాయి. మీది గాలి ఆడే పందిరి కనుక అక్కడ భయం తక్కువే, కానీ ముందు రోజు రాత్రి సరుకు ఉంచే గదిలోనూ, తలుపులు మూసిన వ్యానులోనూ పూలనూ పండ్లనూ వేరుగా ఉంచండి.

కావలి పూలతోట:
అధ్యాపకురాలు గారూ, మీరు చెప్పినది విన్నాక నిమ్మకాయల మీద మనసు పోయింది. పొదలకూరు మార్కెట్టు మాకు మరీ దూరం కాదు. పచ్చ నిమ్మ, పసుపు నిమ్మ రెండూ కలిపి బంతిపూల మధ్య పెడితే బాగుంటుందనుకుంటున్నాను. వాటితో పాటు ఎండు మిరపకాయల గుత్తులు కూడా పెడితే ఎరుపు రంగు వస్తుంది కదా?

ఉదయగిరి పెద్దాయన:
అమ్మాయీ, నిమ్మ పెట్టుకో, మిరప పెట్టుకో, కానీ ఆ రెంటినీ పక్కపక్కన మాత్రం పెట్టవద్దు. నిమ్మకాయా మిరపకాయలూ ఒకచోట కనిపిస్తే మనవారి కంటికి అది గుమ్మానికి కట్టే దిష్టితాడే అవుతుంది. పెళ్లి పందిట్లో పెద్దవాళ్లు అది చూసి మనసులో ఒకటి అనుకుంటారు, పైకి అనరు. నిమ్మ ఒక్కటే అయితే అమ్మవారికి దండగా వేసేదే కనుక ఎవరికీ అభ్యంతరం ఉండదు. మిరపను వరి కంకులతో కలిపి భోజనాల వైపు పెట్టుకుంటే పంట కళ వస్తుంది.

పూలతో కాయలను కలపడం బయటి దేశాల నుంచి నేర్చుకున్న విద్య అన్న మాట కొందరు అంటుంటే నాకు మనసొప్పదు. వినాయక చవితికి మనం కట్టే పాలవెల్లిని చూడండి. వెదురు బద్దల చట్రానికి పచ్చి వెలగకాయ, మారేడు కాయ, మొక్కజొన్న పొత్తు, సీతాఫలం, జామ, నిమ్మ, దానిమ్మ, మామిడి ఆకులు అన్నీ వేలాడదీస్తాం. దాన్ని కట్టడంలో మా నాయనగారు పాటించిన పద్ధతి ఇప్పటికీ నాకు గుర్తుంది. బరువైన వెలగ, మారేడు నాలుగు మూలలకూ కట్టేవారు, మధ్యకు వచ్చే కొద్దీ తేలికైనవి, చిన్నవి. అలా కడితే చట్రం ఒరగదు, కింద కూర్చున్న వారి చూపు దేవుడి మీదికే దిగుతుంది. మీ పందిరికి కూడా వధూవరుల పీటల పైన చిన్న పాలవెల్లి కట్టి, దానికి ఉసిరి కొమ్మలు, నిమ్మకాయలు, వరి కుచ్చులు వేలాడదీయవచ్చు. వెలగకాయ పెంకు గట్టిది కనుక వారం ఉన్నా చెక్కుచెదరదు. కానీ తల మీద వేలాడే బరువు కనుక దారానికి బదులు నులక తాడు వాడండి.

గూడూరు నర్సమ్మ:
నేను పిల్లల వార్డులో పనిచేశాను. పెళ్లంటే పిల్లలు ఉంటారు, ఎర్రగా మెరిసే ప్రతిదీ వారి నోట్లోకే వెళుతుంది. అందువల్ల ఈ నాలుగు మాటలు శ్రద్ధగా చదవండి.

గురివింద గింజ వద్దు. వినాయకుడి ప్రతిమకు కళ్లుగా పెట్టే ఆ ఎరుపు నలుపు గింజ అందమైనదే, కానీ అందులో ఉండే అబ్రిన్ మహా విషం. పెంకు చెక్కుచెదరకుండా మింగితే సాధారణంగా అలాగే బయటకు పోతుంది, నమిలినా, సూదితో గుచ్చినా, పగిలినా ప్రాణాపాయం. దండ గుచ్చాలంటే దానికి రంధ్రం చేయాల్సిందే కనుక అలంకరణకు అది అసలు పనికిరాదు. పచ్చ గన్నేరు కాయ, ఉమ్మెత్త కాయ కూడా అంతే. పచ్చ గన్నేరు గింజ గుండె కొట్టుకునే తీరునే దెబ్బతీస్తుంది. పార్కుల కంచెల మీద పసుపు ముత్యాల్లా వేలాడే దురంటా కాయలూ, లాంటానా పచ్చి కాయలూ విషమే. మిరపకాయలు కట్టినవారు చేతులు సబ్బుతో కడుక్కోకుండా పూలు ముట్టుకోవద్దు, పిల్లలను ఎత్తుకోవద్దు.

నెల్లూరు మాలకారి:
నర్సమ్మ గారి మాటకు నా వంతు ఒకటి చేరుస్తాను. తెలియని కాయను ఎవరు ఎంత బాగుందని తెచ్చినా నా దుకాణంలో గుమ్మం దాటనివ్వను.

పెంచలకోన దారి:
వెలుగొండ అడవి అంచున ఉండేవాడిని. చుట్టూ రెక్కతో బిళ్లల్లా ఉండే ఎర్రచందనం కాయలు ఎండినప్పుడు పూలగుత్తుల్లో ఎంతో అందంగా ఉంటాయి. వాటిని ఏరుకోవచ్చా?

ఒంగోలు అధ్యాపకురాలు:
అడవిలో ఏరవద్దు. అటవీ శాఖ రక్షణలో ఉన్న చెట్టు అది, అనుమతి లేకుండా అక్కడి నుంచి ఏమి తెచ్చినా నేరమే అవుతుంది. దాని బదులు తీరం వెంబడి రైతులు వేసిన సరుగుడు తోటల్లో రాలిన కాయలను తెచ్చుకోండి. వేలి కణుపంత ఉండే ఆ గట్టి కాయలను రెండు రోజులు ఎండలో పోస్తే నోళ్లు విచ్చుకొని, గింజ రాలిపోయి, చెక్కిన పూసల్లా తయారవుతాయి. మాలలో ఏడెనిమిది చామంతులకు ఒకటి చొప్పున గుచ్చితే చామంతి పసుపు మరింత తేటగా కనిపిస్తుంది. కంచె మీది పండ్ల విషయంలో కూడా ఒక విన్నపం. వేసవి ముందు కొమ్మల మీద మిగిలేది కొద్దే, పిగిలిపిట్టలకూ కోకిలలకూ అదే తిండి. ఒక చెట్టునే దూసివేయకుండా పది చెట్ల నుంచి ఒక్కొక్క రెమ్మ కోసుకుంటే మీకూ సరిపోతుంది, వాటికీ మిగులుతుంది.

కావలి పూలతోట:
మీ అందరికీ ఎంతో రుణపడి ఉన్నాను. ఇక కూజాలలోనూ పీటల వెనుక అమరికలోనూ కాడలు నిలబెట్టే సంగతి ఒకటే మిగిలింది. అలంకరణ వారు ఆకుపచ్చ ఫోమ్ దిమ్మెలు వాడతామంటున్నారు. నాకెందుకో అది వద్దనిపిస్తోంది.

నెల్లూరు మాలకారి:
ఆ దిమ్మె 1954లో అమెరికాలో స్మిథర్స్ అనే ఆయన పూల కోసం వాడకంలోకి తెచ్చినది. నీటిని బాగా పీల్చి, కాడను ఏ కోణంలోనైనా పట్టి ఉంచుతుంది, పనివారికి సులువు. కానీ అది ప్లాస్టిక్. చేతిలో నలిగితే పొడి అవుతుంది, ఆ పొడి కాలువలో కలిస్తే కరగదు. నేను దాన్ని మానేసి చాలా కాలమైంది.

అరటి బోదెను మించినది నేను చూడలేదు. గెల కోసిన చెట్టును అడుగున్నర ముక్కలుగా నరికి పడుకోబెట్టండి. పొరపొరలోనూ నీరు నిల్వ ఉంటుంది కనుక కాడలు ఒకటిన్నర రోజు తాజాగా ఉంటాయి. చామంతి, జెర్బెరా వంటి మెత్తని కాడలకు ముందుగా వెదురు పుల్లతో రంధ్రం చేయాలి, ఉసిరి వంటి కర్ర కాడలను ఏటవాలుగా కోసి నేరుగా గుచ్చవచ్చు. ఒక్క జాగ్రత్త మరవవద్దు. అరటి కర బట్టకు అంటితే ఎన్ని ఉతుకులకూ పోని మచ్చ పడుతుంది, పట్టుచీరల పెళ్లి కదా! కోసిన ముఖాలను ఒక పూట ఆరనిచ్చి, వాటి మీద అరటి ఆకు చుట్టి నారతో కట్టండి. ఎత్తైన కూజాలకైతే సగం దాకా ఇసుక పోసి నీళ్లతో తడపండి, కొమ్మ ఎంత బరువైనా ఒరగదు.

నీళ్లలో మునిగే భాగంలో ఆకు ఒక్కటి కూడా ఉండకూడదు. అది కుళ్లి నీటిని చెడగొడుతుంది. కొమ్మలను కోసిన వెంటనే నీళ్ల బక్కెట్లో పెట్టి, ఒక రాత్రి నీడలో ఉంచి, మరునాడే అమర్చండి. మర్రి, కలివి వంటి పాలు కారే కొమ్మలు తెస్తే కోసిన చివరను దీపం మంట మీద కొన్ని క్షణాలు పట్టండి. పాలు ఆగిపోతాయి.

కావలి పూలతోట:
వివాహం మొన్న శుభంగా జరిగింది. జరిగినది జరిగినట్లు రాస్తున్నాను, మరొకరికి ఉపయోగపడుతుంది.

పీటల పైన చిన్న పాలవెల్లి కట్టాం. మూలలకు వెలగకాయలు, నడుమ ఉసిరి కొమ్మలు, పచ్చ నిమ్మకాయలు, వరి కుచ్చులు. వెనుక అరటి బోదెల్లో పసుపు చామంతి, తెల్ల లిల్లీ, జామాయిల్ పిలకలు, సందుల్లో దానిమ్మ కాయలు. అందరూ ఆగి చూసింది ఉసిరి కొమ్మలనే. చామంతి మాలల్లో సరుగుడు కాయలు గుచ్చాం. భోజనాల పందిట్లో మిరప గుత్తులూ జొన్న కంకులూ పెట్టాం.

రెండు పొరపాట్లు జరిగాయి, రెండూ నావే. వరి కంకులను చెప్పినదానికంటే నాలుగు రోజులు ఆలస్యంగా కోయించడంతో పీటల మీద గింజలు రాలుతూనే ఉన్నాయి. తలంబ్రాలకు ముందే అక్షతలు పడుతున్నాయని పురోహితులు గారు ఆశీర్వాదంగా స్వీకరించారు గానీ, నాకు మాత్రం మనసు చివుక్కుమంది. రెండవది, నిమ్మకాయలను ఇనుప తీగతో గుచ్చాను. గుచ్చిన చోట రసం కారి, తీగ చుట్టూ నల్లబడింది. గుచ్చకుండా అరటి నారతో నాలుగు వైపులా ఉట్టిలా అల్లి వేలాడదీసినవి మాత్రం ఈ రోజుకూ తాజాగా ఉన్నాయి.

ఇప్పుడు వరి కుచ్చులు చూరుకు కట్టాం, పిచ్చుకలు వస్తున్నాయి. జామాయిల్ పిలకలు మాత్రం పారవేయాలనిపించడం లేదు. వాటిని నిలవ ఉంచే మార్గం ఉందా?

ఒంగోలు అధ్యాపకురాలు:
ఉంది. ఒక వంతు గ్లిజరిన్‌కు రెండు వంతుల వేడినీళ్లు కలిపి, కాడల చివరలను కొత్తగా ఏటవాలుగా కోసి అందులో నిలబెట్టండి. నీటితో పాటు గ్లిజరిన్ ఆకులోకి ఎక్కి, నీరు ఆరిపోయాక అది లోపలే నిలిచిపోతుంది. ఆకు క్రమంగా గోధుమ రంగుకు మారుతుంది, విరగదు, మెత్తగానే ఉంటుంది. మందంగా ఉన్న ఆకుకు రెండు వారాలు పట్టవచ్చు. ఆకు ఇప్పటికే పెళుసెక్కి ఉంటే మాత్రం పీల్చుకోదు కనుక, ఈ రోజే మొదలుపెట్టండి.